దిగబడిన ఫోర్ బై ఫోర్‌ను లాగడం: స్ట్రాప్ తగిలించే ముందు తేల్చుకోవలసినవి

బురదబాట:
మేము రెండు బండ్లతో కలిసి వెళుతుంటాం. నాది నిండు బరువుతో 2,800 కిలోలు తూగుతుంది, మిత్రునిది 3,300 కిలోలు. రెండూ ఫోర్ బై ఫోర్‌లే (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందేవి), లో రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) ఉన్నవే. మా దారుల్లో తడి నేల ఎక్కువ కాబట్టి 9 మీటర్ల పొడవు, 8,000 కిలోల తెగే బలం ఉన్న స్నాచ్ స్ట్రాప్ (లాగినప్పుడు సాగే నైలాన్ పట్టీ) ఒకటి తెచ్చుకున్నాం. అయితే మా ఇద్దరికీ కొన్ని విషయాల్లో ఏకాభిప్రాయం కుదరడం లేదు. బండి వెనక ట్రెయిలర్ తగిలించడానికి ఉన్న టో బాల్‌కు స్ట్రాప్ కన్ను వేసి లాగవచ్చని ఆయన అంటారు. నాకు అది సరైనదిగా తోచడం లేదు. బరువైన బండి తేలికైన దాన్ని లాగడం సరే, తేలికైనది బరువైన దాన్ని లాగవలసి వస్తే ఈ స్ట్రాప్ పనికివస్తుందా అన్నది రెండో సందేహం. అసలు స్ట్రాప్ దాకా వెళ్ళే ముందు ఏమేం చేయాలి, ఏ వరుసలో చేయాలి అన్నది అన్నింటికన్నా ముఖ్యంగా తెలుసుకోవాలని ఉంది.

లోరేంజ్:
బురదబాట గారూ, టో బాల్ విషయం ముందుగా తేల్చేయాలి, ఎందుకంటే ఈ పనిలో మనుషుల ప్రాణాలు పోయింది ఎక్కువగా అక్కడే. టో బాల్‌ను ట్రెయిలర్‌ను నిలకడగా లాగడానికి తయారుచేస్తారు, స్నాచ్ స్ట్రాప్ ఇచ్చే కుదుపును తట్టుకోవడానికి కాదు. అది మెడ దగ్గర విరిగిందంటే, సాగి ఉన్న స్ట్రాప్ ఒక్కసారిగా ముడుచుకుంటూ ఆ ఇనుప గుండును ఎదుటి బండి అద్దం వైపు విసిరేస్తుంది. అలా దూసుకువచ్చిన గుండు అద్దాన్ని ఛేదించి లోపలి మనిషిని చంపిన ఘటనలు జరిగాయి. ఆస్ట్రేలియాలో రికవరీ (దిగబడిన బండిని లాగే) స్ట్రాప్‌ల మీద వాడకపు హెచ్చరికలు ముద్రించి తీరాలన్న నిబంధన ఉండడానికి ఇటువంటి ప్రమాదాలే కారణం.

ఎంత శక్తి అన్నది లెక్క కట్టి చూడండి. 3,300 కిలోల బండి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే దానిలోని గతిశక్తి దాదాపు 28,600 జౌల్స్. అంటే ఆ బండిని దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కిందికి వదిలినంత. వేగాన్ని 30కి పెంచితే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఎత్తు మూడున్నర మీటర్లకు చేరుతుంది. ఈ శక్తిలో పెద్ద భాగం కొద్ది క్షణాలపాటు స్ట్రాప్‌లో దాగి ఉంటుంది. గొలుసులో అతి బలహీనమైన కడియం ఏదో అది తెగుతుంది, తెగినది ఎగురుతుంది.

మీ బండి వెనక ఛాసిస్‌కు బిగించిన చదరపు రిసీవర్ (టో బాల్ నాలుక దూరే గొట్టం) ఉంటే, టో బాల్ ఉన్న నాలుకను బయటికి తీసేసి దాని స్థానంలో షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కడియం) పట్టే రికవరీ హిచ్‌ను పెట్టుకోండి. ముందు వైపున బంపరు కింద కనిపించే పలచని కడియాలను నమ్మకండి. వాటిలో చాలావరకు బండిని ఓడలోనో లారీలోనో కదలకుండా కట్టివేయడానికి పెట్టినవే. రికవరీ పాయింట్ అంటే ఛాసిస్‌కు హైటెన్సైల్ బోల్టులతో బిగించి, ఎంత బరువుకు తగినదో దాని మీదే చెక్కి ఉన్నది. అది లేకపోతే స్ట్రాప్ సంచిలోనే ఉండనివ్వండి.

పారాపలుగూ:
లోరేంజ్ గారు చెప్పినదానితో నాకు పూర్తి ఏకీభావం ఉంది. అయితే బురదబాట గారి మూడో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు, నా దృష్టిలో అదే అసలు ప్రశ్న. దిగబడిన బండ్లలో ఎక్కువ భాగం పారతోనూ టైర్ల గాలి తగ్గించడంతోనూ బయటికి వస్తాయి. తాడు కట్టాలన్న తొందర వల్లనే అంతవరకు చిన్నదిగా ఉన్న సమస్య పెద్దదవుతుంది.

బండి ముందుకు సాగడం ఆగిందని తెలిసిన మరుక్షణం యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయాలి. చక్రం ఖాళీగా తిరిగిన ప్రతి చుట్టూ తన కింది మట్టిని తవ్వి వెనక్కి పోస్తుంది. అలా తిప్పుతూ పోతే చివరికి యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్ గుండు నేలకు ఆనుతుంది. అక్కడి నుంచి బండి బరువులో కొంత చక్రాల మీద ఉండదు, పొట్ట మీద ఉంటుంది. చక్రాల మీద బరువు లేనప్పుడు ఎంత మంచి టైరైనా పట్టు ఇవ్వదు.

దిగి చుట్టూ తిరిగి చూడండి. ఏ చక్రం ఎంత లోతుకు పోయింది, అడుగున ఏది ఆనింది, ఏ వైపు నేల గట్టిగా ఉంది అన్నవి తెలియాలి. చాలా సందర్భాల్లో వచ్చిన జాడలోనే వెనక్కి వెళ్ళడం తేలిక, ఎందుకంటే ఆ మట్టి అప్పటికే చక్రాల కింద అణగి ఉంటుంది. తరువాత పొడవైన కర్ర ఉన్న పార తీసుకుని యాక్సిళ్ళ కిందా డిఫరెన్షియల్ కిందా ఉన్న మట్టిని లాగేయండి. ప్రతి చక్రానికీ వెళ్ళే దిశలో నిట్టనిలువు గోడ లేకుండా ఏటవాలు దారి చేయండి. జిగురు బురదలో కాలు కూరుకున్నప్పుడు దాన్ని ఎటో ఒకవైపు కదిపి గాలి పోనిస్తే గాని పైకి రాదు. చక్రం కూడా అంతే. టైరు పక్కన సన్నని కాలువలా తవ్వి, నిలిచిన నీరు బయటికి పోయేటట్లు చేస్తే ఆ పీల్చుడు చాలావరకు వదులుతుంది.

ఇంకొక మాట. ఇంజన్ నడుస్తుండగా సైలెన్సర్ మూతి మట్టిలో కూరుకుని ఉండకూడదు. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ బండి లోపలికి చేరవచ్చు, దానికి వాసన ఉండదు. లోపల పిల్లలను కూర్చోబెట్టి బయట తవ్వకం సాగించే వారు ఈ విషయం తప్పక చూసుకోవాలి. నిజానికి తవ్వేటప్పుడు ఇంజన్ ఆపేయడమే మేలు.

ఇసుకమేట:
బురద గురించి ఎక్కువ చెప్పారు కాబట్టి నేను ఇసుక సంగతి చెబుతాను. ఇసుకలో మొదటి పనిముట్టు పార కూడా కాదు, గాలి కొలిచే గేజి. తారు రోడ్డు మీద 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరును 18కి దించితే దాని పాదముద్ర ముఖ్యంగా పొడవులో పెరుగుతుంది, బరువు ఎక్కువ నేల మీద పరచుకుంటుంది. మెత్తటి ఇసుకలో 15 నుంచి 18 వరకు మామూలే. బాగా దిగబడినప్పుడు 12 దాకా వెళ్ళే వారున్నారు గాని, అక్కడ స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ నుంచి ఊడిపోతుంది. కాబట్టి బయటపడగానే మళ్ళీ కొంత నింపాలి. గాలి తగ్గించిన టైర్లతో గట్టి రోడ్డు మీద వేగంగా వెళ్ళడం మరీ ప్రమాదకరం, టైరు గోడలు వేడెక్కి చీలిపోతాయి. అందుచేత గాలి నింపే కంప్రెసర్ లేకుండా గాలి తీయడం మొదలుపెట్టకూడదు.

ఈఎస్‌సీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) మీటను ఆపేయడం మరచిపోవద్దు. చక్రం జారుతోందని గ్రహించి అది ఇంజన్ శక్తిని తగ్గించేస్తుంది, ఇసుకలో సరిగ్గా శక్తి కావలసిన క్షణంలోనే. ట్రాక్షన్ బోర్డులు (చక్రానికి పట్టు ఇచ్చే పళ్ళున్న పలకలు) ఉంటే చక్రానికి ఎదురుగా తవ్విన వాలులో టైరు కిందికి చొచ్చుకుపోయేలా దూర్చి, మొదటి గేరులో చాలా మెల్లగా ఎక్కించాలి. బోర్డు మీద చక్రం గిరగిరా తిరిగితే దాని పళ్ళు వేడికి కరిగిపోతాయి, బోర్డు వెనక్కి విసురుగా ఎగురుతుంది. ఆ వరుసలో ఎవరూ నిలబడకూడదు.

సముద్రపు ఒడ్డున దిగబడితే ఆటుపోట్ల వేళ ముందే తెలిసి ఉండాలి. తీరిక ఉందా లేదా అన్నదాని మీదే అక్కడ మిగతా నిర్ణయాలన్నీ ఆధారపడతాయి.

పారాపలుగూ:
ఇసుకమేట గారూ, 18 అన్న అంకెను అందరూ పట్టుకుంటారేమోనని నాకు భయం. సామానుతో నిండిన 3,300 కిలోల బండికీ, ఖాళీగా ఉన్న 1,600 కిలోల బండికీ ఒకే అంకె సరిపోదు. మామూలు గాలిలో సగానికి కాస్త పైన మొదలుపెట్టి, టైరు ఉబ్బు చూస్తూ దించుకోవడం మంచిది. రాళ్ళు కలిసిన బురదలో నేను 22కి దిగువకు పోను. టైరు పక్కగోడకు రాయి గుచ్చుకుంటే దిగబాటు కన్నా పెద్ద పని పడుతుంది.

బురదబాట:
అందరికీ ధన్యవాదాలు. టో బాల్ వాదన మా ఇద్దరి మధ్య ముగిసినట్లే. ఇప్పుడు తవ్వాం, గాలి తీశాం, అయినా రాలేదు అనుకుందాం. రెండు బండ్లకూ సరైన రికవరీ పాయింట్లు ఉన్నాయి. స్ట్రాప్ ఎంపిక సరైనదేనా? లాగే విధానం వివరంగా చెప్పగలరా? ముందు రెండు పాయింట్లకూ కలిపి కట్టే బ్రైడిల్ అవసరమా?

లోరేంజ్:
స్ట్రాప్ తెగే బలం రెండు బండ్లలో తేలికైనదాని నిండు బరువుకు రెండింతల నుంచి మూడింతల మధ్య ఉండాలి. మీకు తేలికైనది 2,800 కిలోలు, అంటే 5,600 నుంచి 8,400. మీ 8,000 కిలోల స్ట్రాప్ ఆ హద్దుల్లోనే ఉంది, ఎవరు ఎవరిని లాగినా సరిపోతుంది. ఇంకా బలమైనది ఎందుకు కొనకూడదని కొందరు అడుగుతారు. స్నాచ్ స్ట్రాప్ పని సాగడం. నైలాన్ పట్టీ దాదాపు 20 శాతం, నైలాన్ కైనెటిక్ తాడు 30 శాతం వరకు సాగుతాయి. మరీ బలమైనది తేలిక బండి లాగినప్పుడు తగినంత సాగదు, కుదుపంతా రికవరీ పాయింట్ల మీద పడుతుంది. ఇదే కారణంగా గొలుసుతో గాని, సాగని టోయింగ్ పట్టీతో గాని, ఉక్కు తాడుతో గాని పరుగు తీసి లాగకూడదు.

బ్రైడిల్ వాడితే బరువు రెండు పాయింట్లకూ పంచుకుంటుంది, ఛాసిస్ మెలిపడదు. కాని దాని రెండు కాళ్ళ మధ్య కోణం పెరిగేకొద్దీ లాభం తగ్గిపోతుంది. 60 డిగ్రీల దగ్గర ఒక్కో కాలు మీద మొత్తం లాగుడులో 58 శాతం పడుతుంది. 90 దగ్గర 71 శాతం. 120కి చేరితే ఒక్కో కాలు పూర్తి బరువునూ మోస్తుంది, అంటే పంచిన లాభం ఏమీ లేదు. పొడవైన బ్రైడిల్ తీసుకోవడం అందుకే.

షాకిల్ మీద పనిభారం రాసి ఉండాలి. 19 మిల్లీమీటర్ల బో షాకిల్‌కు సాధారణంగా 4.75 టన్నులు ఉంటుంది. పిన్ను చేత్తో పూర్తిగా బిగించి ఒక పావు చుట్టు వెనక్కి తిప్పండి, లేకపోతే లాగాక అది ఊడిరాదు. తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ ఇంకా మేలు, ఏదైనా తెగినా ఎగరడానికి ఇనుము ఉండదు. పదునైన అంచుల మీద మాత్రం దాన్ని వేయకూడదు.

ఇక లాగడం. స్ట్రాప్ నిండా విప్పి మెలికలు లేకుండా చూసి, రెండు బండ్ల మధ్య రెండు మూడు మీటర్లు వదులుగా నేల మీద పాము మెలికలా పరవండి. రెండు బండ్లూ వీలైనంత ఒకే వరుసలో ఉండాలి. స్ట్రాప్ నడిమధ్యన తడి గోనెసంచో, తెగినప్పుడు విసురును అణచే బరువైన డ్యాంపరో వేయండి. బండి నడిపేవారు తప్ప మిగిలినవారంతా పక్కకు, స్ట్రాప్ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడాలి; మీ 9 మీటర్ల పట్టీకి 13 మీటర్ల పైమాటే. కట్టాక దాన్ని ఎవరూ దాటకూడదు. ఆపడానికి ఒకే ఒక సంకేతం పెట్టుకోండి, హారన్ అయితే ఎవరికైనా వినిపిస్తుంది.

మొదటి ప్రయత్నం దాదాపు నడక వేగంతో చేయండి. లాగే బండి లో రేంజ్ రెండో గేరులో మెల్లగా కదిలి స్ట్రాప్‌ను బిగించాలి. అది బిగుస్తున్న క్షణంలో దిగబడిన బండి కూడా లో రేంజ్‌లో తనవంతు నెట్టాలి. కదలకపోతే ఆపి మళ్ళీ తవ్వండి. ఎంత గట్టిగా లాగినా గంటకు 15 కిలోమీటర్లు మించవద్దు. రెండు మూడు లాగుళ్ళ తరువాత స్ట్రాప్‌ను కాసేపు వదిలేయాలి, నైలాన్ పోగులు వేడెక్కి బలం తగ్గుతాయి. బయటికి వచ్చాక లాగే బండి కొద్దిగా వెనక్కి వచ్చి స్ట్రాప్ వదులయ్యేదాకా షాకిళ్ళ మీద చెయ్యి వేయకండి.

ఉక్కుతాడు:
ఇంత శ్రమ ఎందుకు? ముందు బంపరులో 12,000 పౌండ్ల వించ్ (తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ లాగే యంత్రం) ఉంటే పరుగు లేదు, కుదుపు లేదు, రెండో బండి అవసరమూ లేదు. చెట్టుకు పట్టీ చుట్టి మీట నొక్కితే బండి తనంతట తాను నడిచి వస్తుంది. స్నాచ్ స్ట్రాప్‌ను అసలు అమ్మకుండా ఆపేయాలని నా అభిప్రాయం.

షెడ్డుమేస్త్రి:
ఉక్కుతాడు గారూ, వించ్ నెమ్మదిగా లాగుతుందన్నది నిజమే, దాన్ని నేనూ ఎక్కువగా ఇష్టపడతాను. అయితే నెమ్మదిగా లాగేదంతా క్షేమం కాదు. వించ్ మీద రాసిన 12,000 పౌండ్లు, అంటే సుమారు 5,440 కిలోలు, డ్రమ్ముపై తాడు ఒకే పొర మిగిలినప్పటి లెక్క. పై పొరల మీద లాగితే ఆ బలం గణనీయంగా తగ్గుతుంది. అందుకే తాడు వీలైనంత బయటికి తీసి లాగాలి, కాని డ్రమ్ము మీద ఉక్కు తాడైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ తాడైతే ఎనిమిది పది చుట్లు మిగలాలి.

దిగబాటు ఎంత నిరోధం ఇస్తుందో ఊహించడానికి సైనిక వాహనాల రికవరీలో ఒక మోటు లెక్క ఉంది. చక్రం మధ్యభాగం దాకా బురద ఉంటే బండి బరువంత, ఫెండర్ (చక్రం పైన కప్పు) దాకా ఉంటే రెండింతలు, ఇంకా పైకి ఉంటే మూడింతలు. దానికి తోడు వాలు ఎక్కవలసి వస్తే ప్రతి డిగ్రీకీ బరువులో అరవయ్యో వంతు కలపాలి. బురదబాట గారి 2,800 కిలోల బండి ఫెండర్ దాకా పోతే 5,600 కిలోలు. మీ వించ్ మంచి స్థితిలో, మొదటి పొరలో ఉన్నా అది దాని శక్తికి మించిందే. అక్కడే పుల్లీ అవసరం. తాడు చెట్టు దగ్గరి పుల్లీ చుట్టూ తిరిగి మళ్ళీ మీ బండి రికవరీ పాయింట్‌కు వస్తే లాగుడు దాదాపు రెట్టింపు అవుతుంది, వేగం సగమవుతుంది. కాని అప్పుడు ఆ చెట్టు మీదా, దాని పట్టీ మీదా, పుల్లీ షాకిల్ మీదా కూడా రెట్టింపు భారం పడుతుంది. ఒకటి లెక్క వేసి రెండోది మరచిపోయిన వారి పరికరాలే విరుగుతాయి.

మరికొన్ని సంగతులు. చెట్టుకు వెడల్పాటి, సాగని ట్రీ ట్రంక్ ప్రొటెక్టర్ పట్టీ వేయాలి, అది కాండం అడుగున ఉండాలి. స్నాచ్ స్ట్రాప్‌ను వించ్‌తో కలపకూడదు, సాగుతూ శక్తిని దాచుకుంటుంది. తాడు బిగిసి ఉండగా చెయ్యి వేయకూడదు. తాడు డ్రమ్ములోకి వెళ్ళే ఫెయిర్‌లీడ్ దగ్గర వేళ్ళు పోగొట్టుకోవడానికి ఒక క్షణం చాలు, అందుకే కొక్కానికి ఒక చిన్న గుడ్డ పట్టీ కట్టుకుని దాన్ని పట్టుకుంటారు. పూర్తి భారంలో విద్యుత్ వించ్ నాలుగు వందల ఆంపియర్లకు పైగా లాగుతుంది, కాబట్టి ఇంజన్ నడుస్తూ ఉండాలి, మధ్యమధ్య మోటారును చల్లారనివ్వాలి. సింథటిక్ తాడు తెగితే ఉక్కు తాడంత ప్రమాదం కాదు, కాని దాని చివరనున్న ఇనుప కొక్కెం మాత్రం ఎగురుతుంది. డ్యాంపర్ దానికీ కావాలి.

ఉక్కుతాడు:
చెట్టు లేని చోట ఏం చేస్తారని మీరు అడగకముందే నేనే చెబుతాను: స్టెప్నీ టైరును లోతుగా పాతిపెట్టి లంగరుగా వాడవచ్చు. శ్రమ ఎక్కువ, పని జరుగుతుంది. అమ్మకం ఆపాలన్న మాట మాత్రం ఉపసంహరించుకుంటున్నాను, ఎందుకంటే వించ్ లేని వారికి స్ట్రాప్ ఒక్కటే దారి.

వెనకసీటు:
నేను నడపను, ఎప్పుడూ ప్రయాణికురాలినే. హై లిఫ్ట్ జాక్‌తో చక్రాన్ని ఎత్తి కింద రాళ్ళు వేయడం చూశాను. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. అలా చేయవచ్చా?

షెడ్డుమేస్త్రి:
చేయవచ్చు, కాని ఈ చర్చలో ప్రస్తావించిన పరికరాల్లో నాకు ఎక్కువ భయం కలిగించేది అదే. మెత్తటి నేల మీద దాని అడుగు కుంగుతుంది కాబట్టి కింద వెడల్పాటి పలక తప్పనిసరి. దించేటప్పుడు దాని పిడిని పట్టు వదిలితే అది పైకి తిరగబడి దవడను పగలగొట్టగలదు. ముఖం దాని దారిలో ఉండకూడదు, రెండు చేతులూ పిడి మీదే ఉండాలి. జాక్ మీద ఉన్న బండి కిందికి ఎవరూ తల గాని కాళ్ళు గాని పెట్టకూడదు. చక్రం ఎత్తాక దాని కింద గట్టి రాళ్ళో పలకలో వేసి వెంటనే దించేయాలి, ఎత్తిన స్థితిలో తాడు కట్టి లాగకూడదు. ప్రయాణికులుగా మీరు చేయగలిగిన మంచి పని, పక్కన దూరంగా నిలబడి అందరి స్థానాలనూ గమనిస్తూ ఎవరైనా హద్దు దాటితే గట్టిగా అరవడం.

బురదబాట:
ఒక చిన్న సందేహం మిగిలింది. గట్టి నేల 9 మీటర్లకు అందకపోతే రెండు స్ట్రాప్‌లను కలపాలి కదా. మధ్యలో షాకిల్ వేయడం సరైనదేనా?

లోరేంజ్:
మధ్యలో ఇనుప షాకిల్ వేయకండి. ఒక స్ట్రాప్ తెగితే అది ఆ షాకిల్‌ను మోసుకుంటూ ఏదో ఒక బండి మీదికి వస్తుంది. ఒక స్ట్రాప్ కన్నులోంచి రెండోదాని కన్నును దూర్చి, రెండోదాని తోకను తన కన్నులోంచే లాగి ముడిలా బిగించండి. మధ్యలో చుట్టిన పత్రికనో సన్నని కర్రనో పెడితే తరువాత ముడి విప్పగలుగుతారు. సాఫ్ట్ షాకిల్ అయినా పరవాలేదు. రెండు స్ట్రాప్‌లూ ఒకే బలం ఉన్నవై ఉండాలి.

పారాపలుగూ:
బయటపడ్డాక చేయవలసినవి కూడా ఇక్కడే రాసి ఉంచుతాను. రిమ్ముల లోపల చిక్కిన మట్టిని తీయకపోతే బండి వేగం పెరగగానే చక్రాలు వణుకుతాయి. రేడియేటర్ ముఖాన బురద కడగకపోతే ఇంజన్ వేడెక్కుతుంది. సైలెన్సర్ చుట్టూ ఎండుగడ్డి చిక్కుకుని ఉందేమో వంగి చూడండి, మంటలు అంటుకోవడానికి అది చాలు. బ్రేకులు ఒకటి రెండుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టుకోండి. డిఫరెన్షియల్ నీళ్ళలో మునిగి ఉంటే నూనె రంగు చూడాలి. పాలలా తెల్లబారితే నీరు చేరినట్టే. రోడ్డు ఎక్కే ముందు టైర్లలో గాలి నింపాలి.

స్ట్రాప్‌ను మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. పోగుల మధ్య చిక్కిన ఇసుక లోలోపల కోస్తుంది, తడిసిన నైలాన్ తన బలంలో 10 నుంచి 15 శాతం కోల్పోతుంది. అంచున కోత కనిపించినా, కుట్టు ఊడినా దాన్ని రెండుగా నరికి పారేయండి, లేకపోతే మరొకరు తీసి వాడతారు.